యూనివర్సిటీలో ప్రజలకు ఉచిత ప్రసంగం అంటే మాలాంటివాళ్ళు వెళ్ళొచ్చా? మా ఊరికే పిలుచుకోవాలంటే ఎవర్ని అడగాలి?

మోటార్ వైండింగ్, పూతలపట్టు:

అందరికీ నమస్కారం. పూతలపట్టు దగ్గర నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. 2009 నుంచి ఇదే పని. కాలిపోయిన బోరు మోటారు పైకి లాగడం, విప్పి కొత్త రాగి వైరు చుట్టడం, మళ్ళీ దించి నీళ్ళు పోయించి చూపించడం. ఒకసారి దించిన బోరుకు మళ్ళీ వెళ్ళాల్సి వస్తే ఎన్ని పైపులు, ఎంత కేబులు తీసుకెళ్ళాలో ముందే తెలియాలి కదా, అందుకని మొదటి రోజు నుంచి నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. రైతు పేరు, ఊరు, తేదీ, బోరు లోతు, మోటారు ఎన్ని పైపుల మీద ఉంది, ఎన్ని అంగుళాల నీళ్ళు పోస్తోంది. ఇప్పటికి ఏడు పుస్తకాలయ్యాయి.

వాటిని తిరగేస్తే మనసు ఏదోలా అయిపోతుంది. మొదటి పుస్తకంలో పన్నెండు పైపులు, పద్నాలుగు పైపులు అని రాసుకున్న రైతుకే ఐదో పుస్తకంలో ముప్పై, ముప్పై ఐదు అని ఉంది. పైపు ఇరవై అడుగులు. 2021 నవంబరులో ఆ పెద్ద వానలు పడ్డాక మాత్రం కొన్ని బోర్లలో నీళ్ళు టార్చి వేస్తే కనిపించేంత పైకి వచ్చాయి. రెండు నెలలు నాకు పెద్దగా పని లేదు. అయినా అంత సంతోషంగా నేనెప్పుడూ లేను.

విషయానికి వస్తాను. పోయిన నెల తిరుపతిలో ఒక విద్యాసంస్థలో భూగర్భ జలాల మీద ప్రసంగం, ప్రజలందరికీ ఉచితం, అందరూ ఆహ్వానితులే అని ఒక పోస్టరు వాట్సాప్‌లో వచ్చింది. షాపు మూసేసి, మా బావమరిదిని వెంటబెట్టుకుని, నాలుగో పుస్తకం, ఐదో పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. గేటు దగ్గర ఏ కాలేజీ అని అడిగారు. కాలేజీ కాదు, పోస్టరు చూసి వచ్చామన్నాం. ఫోన్‌లో పోస్టరు చూపించాక పంపారు.

పదిన్నరకు అన్నది పదకొండుంబావుకు మొదలైంది. జ్యోతి వెలిగించారు, ముఖ్య అతిథులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు, శాలువాలు కప్పారు. అసలు ప్రసంగం చేయాల్సిన సార్‌కు ఇరవై ఐదు నిమిషాలు మిగిలాయి. ఆయన బాగా చెప్పేవారే అనిపించింది, కానీ మొత్తం ఇంగ్లీషు. నాకు మోటారు మీద రాసి ఉండే ఇంగ్లీషు అర్థమవుతుంది, అది అర్థం కాలేదు. అయితే మధ్యలో ఒక బొమ్మ వేశారు. పైన మట్టి, దాని కింద గుల్లబారిన రాయి, దాని కింద గట్టి బండ, ఆ బండలో అక్కడక్కడా సన్నటి పగుళ్ళు, ఆ పగుళ్ళలో నీలం రంగు. అది చూసేసరికి నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. మా ఊర్లో ఒక రైతు బోరు 420 అడుగుల్లో రెండంగుళాల నీళ్ళు పోస్తుంది. గట్టుకు ఇవతల, ముప్పై అడుగుల దూరంలో వాళ్ళ అన్న బోరు 900 అడుగులు వేసినా దుమ్మే. ఆ దుమ్ము చూసి ఆ మనిషి రిగ్గు పక్కనే కూర్చుండిపోయాడు. అప్పటి నుంచి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. నా నీళ్ళు నువ్వు లాగేశావని ఆయన అంటాడు. ఆ బొమ్మలో దీనికి జవాబు ఉందని నాకు అర్థమైంది, కానీ ఏంటో పూర్తిగా తెలియలేదు.

టైమ్ అయిపోయిందని ప్రశ్నలు తీసుకోలేదు. మెట్ల దగ్గర సార్‌ను కలిశాను. మర్యాదగానే మాట్లాడారు, మెయిల్ పెట్టండి అన్నారు. ఏమని పెట్టాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

ఇలాంటివి తిరుపతిలో, చిత్తూరులో ఇంకెక్కడ జరుగుతాయి, మాలాంటివాళ్ళు నిజంగా వెళ్ళొచ్చా? మనకు అర్థమయ్యే మాటల్లో చెప్పేవాళ్ళు ఉన్నారా? మా ఊరికే వచ్చి చెప్పమని అడగొచ్చా, అడిగితే ఎవర్ని? ఇంకొకటి, పక్క ఊర్లో చాలామంది పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. ఆ ఊరి మోటార్లు పైకి లాగితే పైపులకు తెల్లగా సున్నంలా గట్టిపడి ఉంటుంది. అదే ఫ్లోరైడు అని నేనే అందరికీ చెబుతూ వచ్చాను. అది నిజమేనా అని కూడా తెలుసుకోవాలి.

రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు, చంద్రగిరి:

నాయనా, తప్పకుండా వెళ్ళొచ్చు. ప్రజలకు అని రాసిన చోటికి వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గేటు దగ్గర ఏ కాలేజీ అని అడిగితే, ప్రసంగం వినడానికి వచ్చాను అని గట్టిగా చెప్పండి.

మన చుట్టూ ఉన్నన్ని చదువుల సంస్థలు రాష్ట్రంలో చాలా చోట్ల లేవు. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఉంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, సైన్సు చదువులు చెప్పే కేంద్ర సంస్థ ఐసర్ రెండూ 2015లో మొదలైనవే. మీరు తిరుపతికి వచ్చే దారిలో గాదంకి దగ్గర వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి రాడార్ మీరు టీవీలో చూసే గుండ్రటి గిన్నెలాంటిది కాదు. సుమారు 130 మీటర్ల చదరంలో 1024 యాంటెన్నాలు వరుసగా నాటి ఉంటాయి, సెనక్కాయ చేనులో సాళ్ళలాగా. అవన్నీ కలిసి రేడియో తరంగాల్ని ఆకాశంలోకి పంపితే, తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనిని బట్టి పైన గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో లెక్కగడతారు. నేను మా పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఒక పిల్లవాడు, సార్ మా ఇంటి మీద పాత టీవీ యాంటెన్నా ఇలాగే ఉండేది అన్నాడు. అక్కడి శాస్త్రవేత్త నవ్వి, నిజమే బాబూ, అదీ ఇదీ ఒక జాతే అని చెప్పి, అక్కడి నుంచి మొదలుపెట్టి అంతా తెలుగులోనే వివరించారు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు.

ఫిబ్రవరి 28ని గుర్తు పెట్టుకోండి. 1928లో ఆ రోజు రామన్ ఎఫెక్ట్ కనుక్కున్నారు, 1987 నుంచి జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుతున్నారు. ఆ వారంలో చాలా సంస్థలు తలుపులు తెరిచి పెడతాయి. అక్టోబరు 4 నుంచి 10 వరకు అంతరిక్ష వారోత్సవాలు. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడటానికి గ్యాలరీ ఉంది, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే ఉచితం. ఎక్కడికైనా ముందురోజు ఫోన్ చేసి కనుక్కునే బయల్దేరండి, అంత దూరం వచ్చి వెనక్కి పోకూడదు.

మీరు 2021 నవంబరు అన్నారు కాబట్టి ఒక మాట. ఆ వానలప్పుడు తిరుపతి కృష్ణానగర్‌లో ఒక ఇంట్లో భూమిలో పాతిన నీళ్ళ సంపు ఉన్నట్టుండి పైకి లేచి నిలబడింది. ఊరంతా చూడటానికి వెళ్ళింది. దేవుడి మహిమ అన్నవాళ్ళున్నారు, భూకంపం అన్నవాళ్ళున్నారు. నేను మా వీధి పిల్లల్ని పిలిచి బక్కెట్టులో ఇసుక పోసి, అందులో మూత బిగించిన ఖాళీ స్టీలు టిఫిన్ డబ్బాను పూర్తిగా పాతిపెట్టించాను. పక్క నుంచి మెల్లగా నీళ్ళు పోయమన్నాను. ఇసుక మొత్తం నాని బురదయ్యేసరికి డబ్బా కొద్దికొద్దిగా పైకి వచ్చి ఒక పక్కకు ఒరిగింది. నీళ్ళు నిండుగా ఉన్న సంపు లేవదు, ఖాళీ చేస్తే లేస్తుంది, కింద భూమి నీళ్ళతో నిండితే. ఆ సాయంత్రం పిల్లలకంటే వాళ్ళ అమ్మలే ఎక్కువసేపు నిలబడ్డారు. మా ఇంటి సంపు కడగొచ్చా సార్ అని నలుగురు అడిగారు. వానలు తగ్గాక కడుక్కోండమ్మా అన్నాను. మనిషికి అవసరమైన రోజున, అవసరమైన చోట చెప్తే సైన్సు వినడానికి డిగ్రీ అక్కర్లేదు. మీ ఊరికి పిలవండి. అది సరైన ఆలోచన.

రాళ్ళూ నీళ్ళూ, తిరుపతి:

అన్నా, నేను తిరుపతిలో భూగర్భ శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మీ పోస్టు రాత్రి చదివాను, నిద్ర పట్టలేదు. ఏడు పుస్తకాలు అన్నారు చూడండి, అది చదివి.

ముందు ఆ అన్నదమ్ముల సంగతి. మన చిత్తూరు వైపు భూమి కింద ఎక్కువగా గ్రానైటు, దాని బంధువులైన గట్టి రాళ్ళు. కృష్ణా, గోదావరి డెల్టాల్లోలాగా ఇక్కడ ఇసుక పొరలు లేవు, నీళ్ళు అంతటా పరుచుకుని ఉండవు. పైన గుల్లబారిన రాయిలో కొంత, కింద పగుళ్ళలో కొంత. బోరు ఆ పగులును తాకితే నీళ్ళు, తాకకపోతే దుమ్ము. తమ్ముడి బోరు 420 అడుగుల్లో ఒక పగులును తాకింది. ఆ పగులు నిటారుగానో ఏటవాలుగానో ఇంకో దిక్కుకు పోతుంటే ముప్పై అడుగుల అవతల 900 అడుగులు తవ్వినా తగలదు. అన్న బోరులో మొదటి నుంచీ నీళ్ళు రాలేదంటే తమ్ముడు లాగేసింది ఏమీ లేదు. ఈ మాట ఆయనకు నా తరఫున చెప్పండి. కానీ రెండు బోర్లూ ఒకే పగులును తాకి ఉంటే ఒకరు తోడితే ఇంకొకరికి తగ్గుతుంది, అది కూడా నిజమే. అందుకే ప్రతి తగాదాకూ ఒకటే తీర్పు చెప్పలేం.

టెంకాయతో బోరు పాయింటు చూసేవాళ్ళ గురించి మీరు అడగలేదు కానీ ఊర్లో ఎలాగూ అడుగుతారు. మేము చేసేది రెసిస్టివిటీ సర్వే. మీకు ఇది అందరికంటే తొందరగా అర్థమవుతుంది. మీరు మెగ్గర్ మీటరు పెట్టి వైండింగ్ చూస్తారు కదా, ఎక్కడ ఇన్సులేషన్ పోయిందో, ఎక్కడ తడి చేరిందో రెసిస్టెన్సును బట్టి చెప్తారు. మేము భూమికి అదే చేస్తాం. నాలుగు ఇనప కడ్డీలు వరుసగా పాతి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తాం. కడ్డీల మధ్య దూరం పెంచేకొద్దీ కరెంటు ఇంకా లోతుకు దిగుతుంది. పొడి బండ అయితే రెసిస్టెన్స్ చాలా ఎక్కువ, నీళ్ళున్న గుల్లరాయి అయితే తక్కువ. ఇందులోనూ తప్పులు జరుగుతాయి. మన్నులో ఉప్పో, బంకమట్టో ఉన్నా రెసిస్టెన్స్ తగ్గుతుంది. కానీ లక్షలు పెట్టి రిగ్గు పిలిచే ముందు చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

ఇప్పుడు తెల్ల పొర. ఇది మీకు నచ్చకపోవచ్చు అన్నా, కానీ చెప్పాలి. పైపులకు గట్టిపడేది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, అంటే సున్నం జాతి. ఫ్లోరైడు కంటికి కనపడదు, రుచి తెలియదు. పైగా కాల్షియం బాగా ఉన్న నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువగా కరిగి నిలవలేదు, కాల్షియంతో కలిసి విడిపోతుంది. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు చాలాసార్లు పైపుకు పొర కట్టని, తాగడానికి తియ్యగా ఉండే నీళ్ళే. తెల్ల పొర ఉంటే ఫ్లోరైడు, లేకపోతే లేదు అని నమ్మితే మంచి నీళ్ళు వదిలేసి చెడ్డ నీళ్ళు తాగే ప్రమాదం ఉంది. పరీక్ష ఒక్కటే దారి. లీటరు నీళ్ళలో 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని మన దేశపు ప్రమాణం. పిల్లల పళ్ళు చిగుళ్ళ లోపల తయారయ్యే వయసులో ఎక్కువ ఫ్లోరైడు వెళ్తే ఆ చారలు పడతాయి, తర్వాత తోమితే పోవు.

మీ ఊరికి పిలవడం గురించి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. శాస్త్రవేత్తలు, పరిశోధకులు ఏడాదికి కనీసం 10 రోజులు తమ విద్యను సమాజానికి అందించాలి అని అందులో ఉంది. కాలేజీల్లో ఎన్ఎస్ఎస్, అంటే జాతీయ సేవా పథకం ఉంటుంది, వాళ్ళకు ఏటా ఒక ఊర్లో ఏడు రోజుల క్యాంపు ఉంటుంది. ఉన్నత్ భారత్ అభియాన్ అనే కేంద్ర పథకం కింద ఒక్కో సంస్థ కనీసం ఐదు ఊళ్ళను దత్తత తీసుకుంటుంది. కాబట్టి మీరు దయ చూపమని అడగడం లేదు. తెలుగులోనే అర పేజీ ఉత్తరం రాయండి, యూనివర్సిటీలో భూగర్భ శాస్త్ర శాఖాధిపతికి ఒకటి, ఎన్ఎస్ఎస్ అధికారికి ఒకటి. భూగర్భ జలాల మీద అవగాహన కార్యక్రమం కావాలి అని రాయకండి. మీరు ఇక్కడ రాసిన అన్నదమ్ముల బోర్ల సంగతి, పిల్లల పళ్ళ సంగతి అలాగే రాయండి. ఎంతమంది వస్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఏ టైముకు, ఫోన్ నంబరు. మెయిల్ వద్దు, చేతికి ఇచ్చి రండి.

మీకు తిరుపతిలో అలా జరిగినందుకు బాధగా ఉంది. మాకు పరిశోధన పత్రం ఇంగ్లీషులో రాయడం నేర్పిస్తారు, మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పడం ఎవరూ నేర్పరు. అమ్మను ఒకసారి తిరుమల ఘాట్ రోడ్డులో బండి ఆపించి కొండ కోతను చూపించాను. కింద గ్రానైటు, దాని మీద అడ్డంగా పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు, అంటే గట్టిపడిన ఇసుకరాయి. ఆ రెండూ కలిసే గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ళ కాలానికి చెందిన రాళ్ళే లేవు, దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. అమ్మ ఆ గీత మీద చెయ్యి పెట్టి, ఇన్నేళ్ళూ దీని పక్క నుంచే నడిచి కొండెక్కానా అంది. నా చదువు ఏంటో ఆమెకు ఆ రోజు తెలిసింది. మీ ఊరి బోరు దిగే బండ కూడా ఆ గీత కింద ఉన్నలాంటి ముసలి రాయే అన్నా.

ఉత్తరం ఇచ్చాక నాకు చెప్పండి. పుస్తకాలు జాగ్రత్తగా పెట్టండి, ఎవరికీ ఒరిజినల్ ఇవ్వకండి. నాకు కూడా.

మామిడి రైతు, బంగారుపాళ్యం:

పీహెచ్‌డీ చేస్తున్న పాప చెప్పింది బాగుంది. నేను రెండు మాటలు కలుపుతాను. పగలు పదకొండుకు పెడితే రైతు రాడు. ఖాళీగా ఉండే ముసలివాళ్ళు, అధికారులు వస్తారు, ఫొటో దిగుతారు. మన వైపు ప్రతి ఇంట్లో ఆవులున్నాయి. సాయంత్రం పాలు పోయడానికి ఊరంతా పాలకేంద్రానికి వస్తుంది, ఆడవాళ్ళే ఎక్కువ వస్తారు. అక్కడే, పాలు పోయడం అయిన వెంటనే పెట్టండి. తోతాపురి కోతల్లో మాత్రం పెట్టకండి, ఒక్కరు రారు.

రెండోది నా అనుభవం. ఆరేళ్ళ కింద ఒక సంస్థ నుంచి నలుగురు పిల్లలు, ఒక సారు వచ్చి మా తోటలో మట్టి, ఆకులు తీసుకున్నారు. మా ఆవిడ అందరికీ అన్నం పెట్టింది. కొసరి కొసరి వడ్డించింది. రిపోర్టు పంపిస్తామన్నారు. ఇంతవరకు ఒక కాయితం రాలేదు. మట్టి పోయిందని కాదు నా బాధ. మా తోటలో ఏముందో వాళ్ళకు తెలుసు, నాకు తెలియదు. అది తప్పు. అందుకే ఎవరు వచ్చినా నీళ్ళు ఇచ్చే ముందే అడగండి, ఫలితం మాకు ఏ రోజు చెప్తారు అని. తేదీ చెప్తేనే బాటిల్ ఇవ్వండి.

చిత్తూరు నర్సు, ఇప్పుడు లీడ్స్‌లో:

చిత్తూరు దొడ్డిపల్లిలో పుట్టి పెరిగాను, ఇప్పుడు ఇంగ్లండులో పని చేస్తున్నాను. ఇదంతా చదివి ఒక విషయం చెప్పాలనిపించింది. 1998లో ఈ లీడ్స్‌లోనే ఒక టీవీ నిర్మాత సైన్స్ కెఫే అని మొదలుపెట్టారు. శాస్త్రవేత్త కాఫీ దుకాణానికి వస్తారు, ఇరవై నిమిషాలు మాట్లాడతారు. తర్వాత కాసేపు విరామం, ఆ తర్వాత ప్రశ్నలు, ఎంతసేపైనా. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు విరామం ఎందుకో అర్థం కాలేదు. ఆ విరామంలోనే పక్కవాళ్ళతో మాట్లాడి, నా ప్రశ్న అడగదగ్గదే అని ధైర్యం తెచ్చుకున్నాను. మీ పాలకేంద్రంలో కూడా చెప్పడం అయిన వెంటనే ప్రశ్నలుంటే అడగండి అనకండి. ఒక టీ ఇవ్వండి. ఆడవాళ్ళు అప్పుడు మాట్లాడతారు.

నెదర్లాండ్స్‌లో 1970ల నుంచి ఇంకో పద్ధతి ఉంది. ఊరివాళ్ళు ప్రశ్న తెచ్చి యూనివర్సిటీలో ఇస్తే విద్యార్థులు దాని మీద పరిశోధన చేసి జవాబు ఇస్తారు. అన్న ఏడు పుస్తకాలు చూస్తే నాకు అదే గుర్తొచ్చింది.

మోటార్ వైండింగ్, పూతలపట్టు:

అందరికీ దండాలు. ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి కారణం ఎండాకాలం మోటార్లు.

పాప చెప్పినట్టే ఉత్తరం రాసి రెండు చోట్ల చేతికి ఇచ్చాను. పది రోజులకు ఫోన్ వచ్చింది. పోయిన శుక్రవారం సాయంత్రం పాప, ఇంకో ఇద్దరు స్కాలర్లు, వాళ్ళ మేడమ్ గారు మా పాలకేంద్రానికి వచ్చారు. మైకు లేదు, శాలువాలు లేవు. పాలు పోయడం ఏడున్నరకు అయింది. క్యాన్లు కడిగి బోర్లించిన అరుగు మీదే టేబుల్ వేశాం. ముందు రోజే ఊరంతా చెప్పాను, మోటారు పది నిమిషాలు ఆడించి, ప్లాస్టిక్ బాటిల్‌ను అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి, నింపి, ఏ బోరో కాయితం అంటించి తెమ్మని. ఇరవై ఆరు బాటిళ్ళు వచ్చాయి. పక్క ఊరివి కూడా ఉన్నాయి.

మొదట పాప ఒక చేతిలో ఇసుక, ఒక చేతిలో బండ ముక్క పట్టుకుని రెండింటి మీదా నీళ్ళు పోసింది. ఇసుక తాగేసింది. బండ మీద నీళ్ళు జారిపోయి, ఒక పక్క ఉన్న సన్నటి చీలికలోకి మాత్రం దిగాయి. అంతే. ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు. ఆ అన్న, తమ్ముడు ఇద్దరూ వచ్చారు. చెరో పక్కన నిలబడ్డారు. అన్న ఆ బండ ముక్కను అడిగి తీసుకుని ట్యూబ్‌లైట్ కింద తిప్పి తిప్పి చూశాడు. వాళ్ళు ఇప్పుడు మాట్లాడుకుంటున్నారని నేను చెప్పలేను. కానీ ఆ రోజు నుంచి నీళ్ళు లాగేశాడు అనే మాట ఆయన నోట రాలేదు.

తర్వాత ఫ్లోరైడు పరీక్ష. చిన్న గాజు గొట్టాల్లో కొలిచి నీళ్ళు పోసి, ఒక ఎర్రటి మందు చుక్కలు వేశారు. ఫ్లోరైడు తక్కువుంటే గులాబీ రంగు నిలుస్తుంది, పెరిగేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. నేను ఇన్నేళ్ళూ వేలు పెట్టి చూపించిన తెల్ల పొర బోరు బాటిలే ముందు పెట్టాను. గులాబీ రంగులోనే ఉండిపోయింది. ఆ తర్వాత గుడి పక్కన బోరు, నీళ్ళు తియ్యగా ఉంటాయని ఊరంతా బిందెలు పట్టుకెళ్ళేది. మందు వేసి కలిపేసరికి పసుపు. ఎవరూ మాట్లాడలేదు. నేను అందరి ముందూ లేచి, ఇన్నాళ్ళూ నేను చెప్పింది తప్పు, గుడి బోరు నీళ్ళు తాగమని కూడా నేనే చాలామందికి చెప్పాను, క్షమించండి అన్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

లీడ్స్ చెల్లెమ్మ చెప్పినట్టు అప్పుడు టీ ఇచ్చాం. నిజంగానే ఆ టీ తర్వాతే ఆడవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. కాచి తాగిస్తే పోతుందా అని ఒకామె అడిగింది. పోదు, నీళ్ళు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది అన్నారు మేడమ్. ఆమె చంకలో బిడ్డ ఉంది, ఆ మాట విని ముఖం తిప్పుకుంది. ఆర్వో మిషన్ పెడితే పోతుంది, పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి అని ఒకటుంది అని వివరంగా చెప్పారు. చెరువు కింద పాత దిగుడు బావి బాటిల్ కూడా ఎవరో తెచ్చారు. అది గులాబీ రంగులో ఉంది. అందరం సంతోషపడ్డాం. వెంటనే మేడమ్ ఆపారు, ఇది ఫ్లోరైడు పరీక్ష మాత్రమే, బావి నీళ్ళలో క్రిముల పరీక్ష వేరే చేయాలి, అది తేలేదాకా తాగకండి అన్నారు. ఆ మాటతో ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

రంగుల పరీక్ష అంచనాకు మాత్రమేనని, సరైన అంకెలు ల్యాబ్‌లోనే తెలుస్తాయని బాటిళ్ళు పట్టుకెళ్ళారు. బంగారుపాళ్యం అన్న చెప్పింది గుర్తుపెట్టుకుని, తేదీ చెప్తేనే ఇస్తాం అన్నాను. 22వ తేదీ సాయంత్రం వచ్చి ఒక్కో బోరు ఫలితం తెలుగులో రాసి పాలకేంద్రం గోడకు అంటించి, చదివి వినిపిస్తామన్నారు. పాప ఆ తేదీని పాల లెక్క రాసే బోర్డు మీద తనే సుద్దతో రాసి వెళ్ళింది.

నా పుస్తకాలు నా ముందే, రైతుల పేర్లు కాయితంతో కప్పి పేజీ పేజీ ఫొటో తీసుకున్నారు. మోటారు ఉన్న లోతు, నీళ్ళున్న లోతు ఒకటి కాదు, అందుకని ఇక నుంచి పొద్దున్నే మోటారు వేయక ముందు నీటి మట్టం కూడా కొలిచి రాయమన్నారు. టేపుకు బరువు కట్టి ఎలా దించాలో చూపించారు. ఎనిమిదో పుస్తకంలో దానికి ఒక గడి గీశాను.

బంగారుపాళ్యం అన్నా, మీ ఊరికి కూడా వస్తామన్నారు. కోతలయ్యాక ఏ వారం వీలవుతుందో చెప్పండి. బాటిళ్ళు నేను తెస్తాను.

మామిడి రైతు, బంగారుపాళ్యం:

ఆగస్టు రెండో వారం పెట్టుకుందాం. మా దగ్గర పాలు ఆరున్నరకే అయిపోతాయి, ఆరుకల్లా రమ్మనండి. 22న మీ ఊరికి నేనూ వస్తాను, గోడ మీద ఆ కాయితం చూడాలి.